డబ్బు కడితే మాట్లాడే గొంతు: మూడేళ్ల వాడకం తర్వాత

లైవ్ స్ట్రీముల్లో ఉండే చాట్, ఎమోట్లు (బొమ్మ గుర్తులు), స్లో మోడ్ (మెసేజ్‌ల మధ్య కాసేపు ఆగేలా చేసేది) గురించి రాయను, అవి అందరికీ తెలిసినవే. గేమ్ ఆడుతూ లైవ్‌లో చూపించే ఒక స్ట్రీమర్ దగ్గర మూడేళ్లుగా జీతం లేని మోడరేటర్‌ని, అంటే చాట్‌కు కాపలా కాసేవాణ్ని. నా గొడవంతా ఒక్కదానితోనే: డబ్బు కట్టి పంపిన మెసేజ్‌ను స్ట్రీమ్‌లో పైకి చదివే ఆ మర గొంతు.

మొదట్లో అదంటే భలే సరదా. ముప్ఫై మందిమి ఉండేవాళ్లం. పుట్టినరోజు శుభాకాంక్షల్లో అది పేర్లు ఖూనీ చేస్తుంటే పొట్ట చెక్కలయ్యేది. అప్పట్లో ఐదు స్టార్లు ఇచ్చింది కూడా నేనే.

జనం వందల్లోకి పెరిగాక ఒక రాత్రి, కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఒక లెవెల్ ఎలా దాటాలని అడిగింది. మా పాతకాపు ఒకడు డబ్బు కట్టి "ముందు బుర్ర కొనుక్కుని రా" అని చదివించాడు. గంట మోగింది, తెర మీద అతని పేరు మెరిసింది, స్ట్రీమర్ పగలబడి నవ్వి థాంక్స్ చెప్పాడు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. నిమిషంలో ఇంకో ఆరు వచ్చాయి, ఒకదాన్ని మించి ఒకటి. చాట్‌లో రాసిందైతే ఒక్క నొక్కుతో చెరిపేస్తాను. క్యూలో పడ్డ గొంతును ఆపే బటన్ అప్పట్లో నా చేతిలో లేదు. తిట్లను ఆపే ఫిల్టర్ ఏమైందంటారా? ఆ ఏడింటిలో తిట్టు మాట ఒక్కటీ లేదు! స్ట్రీమర్‌కు విడిగా మెసేజ్ పెడితే ఇరవై నిమిషాలకు జవాబు: "డబ్బిచ్చినవాణ్ని ఎలా ఆపను అన్నా?" అప్పటికే ఆ అమ్మాయి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

2021లో ట్విచ్ అనే లైవ్ స్ట్రీమింగ్ సైట్‌లో బాట్లు (ప్రోగ్రామ్‌తో నడిచే ఖాతాలు) గుంపులుగా వచ్చి చాట్ నిండా ద్వేషం కుమ్మరించాయి. అందుకు నిరసనగా సెప్టెంబరు 1న చాలామంది స్ట్రీమర్లు ప్రసారం మానేశారు. అక్కడ వచ్చింది బయటివాళ్లు. మా దగ్గర రోజూ "గుడ్ ఈవెనింగ్" చెప్పేవాళ్లే.

తర్వాత కనీస మొత్తం పెంచి చూశాం. ఇంత కట్టాను కదా, ఏమన్నా చెల్లుతుందన్న ధీమా పెరిగిందంతే. ఇప్పుడు నేను చూసి సరే అన్నాకే గొంతు పలికేలా పెట్టించాను. బాగానే పనిచేస్తోంది, నేను మేలుకుని ఉన్నంతసేపూ. సరదా మాత్రం సగం పోయింది. తిట్టు కాని మాటను ఆపినప్పుడల్లా నాతో వాదించేవాళ్లూ ఉన్నారు.

అందరూ తెలిసినవాళ్లే అయితే హాయిగా పెట్టుకోండి. జనం పెరిగి, కనీసం ఇద్దరు మోడరేటర్లయినా లేకపోతే వద్దంటాను. స్ట్రీమర్‌కు ఇల్లు గడిచేది ఆ డబ్బుతోనే అయితే లెక్క వేరు, నాకేం, నేను ఊరికే చేసేవాణ్ని. ఈ వారం నాకు నైట్ షిఫ్ట్. గొంతు ఆఫ్ చేసేసి డ్యూటీకి వెళ్తున్నాను.