కేదార్‌కంఠ ట్రెక్: ప్యాకేజీనా, సాంక్రీలో లోకల్ గైడా?

నవంబరు వచ్చిందంటే చాలు, నా ఫోన్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, కేదార్‌కంఠకి ప్యాకేజీ బుక్ చేసుకోవాలా, నేరుగా సాంక్రీ వెళ్లి గైడ్‌ని మాట్లాడుకుంటే చౌకగా పడుతుందా?" కేదార్‌కంఠ అంటే ఉత్తరాఖండ్‌లో చలికాలం మంచులో ఎక్కే శిఖరం, నడక మొదలయ్యే ఊరు సాంక్రీ. నేను రెండు రకాలుగానూ వెళ్లొచ్చాను. మొదటిసారి ట్రెకింగ్ కంపెనీ ప్యాకేజీలో, పోయిన చలికాలం ఐదుగురం కలిసి లోకల్ గైడ్‌తో. అందుకే ఎవరడిగినా ముందు నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీరు ఎంతమంది?

హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్ దాకా అయ్యే ఖర్చు ఎలా వెళ్లినా ఒకటే, దాన్ని పక్కన పెట్టేద్దాం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి క్రిస్మస్ సెలవుల్లో వెళ్లేవాళ్లు అక్టోబరు చివర్లో కాచుకుని కూర్చోవాలి, అంతే. తేడా మొదలయ్యేది డెహ్రాడూన్‌లో. అక్కడి నుంచి సాంక్రీ సుమారు 200 కిలోమీటర్లు. పేరుకే 200, కొండదారిలో పగలంతా పడుతుంది. ప్యాకేజీ వాళ్లు టెంపో ట్రావెలర్‌కి రానుపోను మనిషికి 2,200 తీసుకున్నారు. రెండోసారి తెల్లవారుజామున రైల్వే స్టేషన్ దగ్గర బస్సెక్కాం, రానుపోను వెయ్యి అయింది. పురోలాలో ఎక్కిన ఒక పెద్దావిడ ఆపిల్ మొక్కల కట్ట నా ఒళ్లో పెట్టి మోరీ దాకా హాయిగా నిద్రపోయింది. టెంపోలో ఆ భాగ్యం లేదు.

ఇక ప్యాకేజీ సంగతి. 9,000 అని చూసి నేను సంబరపడ్డాను. దానిమీద 5 శాతం జీఎస్టీ, అంటే 450. టెంపోకి 2,200. బ్యాగు మోయలేకపోతే ఖచ్చర్ (కంచరగాడిద) మీద వేస్తారు, దానికి రోజుకి 350 చొప్పున నాలుగు రోజులకి 1,400. జాకెట్, కర్రలు, బూట్లలోకి మంచు పోకుండా కాళ్లకి తొడిగే గేటర్లు, జారకుండా బూట్ల కింద తగిలించే ముళ్ల మైక్రోస్పైక్స్ అద్దె 1,300. మొత్తం 14,350. ఇందులో ఎవరూ మోసం చేసింది లేదు, అన్నీ ముందే రాసి ఉన్నాయి. కాకపోతే అడుగున చిన్న అక్షరాల్లో, నేను చదవని చోట. ప్యాకేజీలు పోల్చేటప్పుడు పైన ఉన్న రేటు వదిలేసి, 'ఇవి కలిపి లేవు' అన్న జాబితా ముందు చదవండి.

ఇప్పుడు లోకల్ గైడ్ లెక్క. మాకు కుదిరిన రేట్లు ఇవి: గైడ్‌కి రోజుకి 2,000, వంటమనిషికి 1,500. నాలుగు రోజులకి ఇద్దరికీ కలిపి 14,000. ఇక్కడే అసలు కిటుకంతా ఉంది. మీరు ఇద్దరు వెళ్లినా ఐదుగురు వెళ్లినా ఈ 14,000 మారదు. ఖచ్చర్ ఒక్కోటి రోజుకి 1,200, ఐదుగురికి రెండు కావాలి కాబట్టి 9,600. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, సరుకులు, పర్మిట్లు అన్నీ కలిపి 12,000. మొత్తం 35,600, మనిషికి 7,120. బస్సుకి వెయ్యి, జాకెట్ వగైరా అద్దె 1,300 కలిపితే 9,420. ప్యాకేజీతో పోలిస్తే మనిషికి దాదాపు ఐదు వేలు మిగిలాయి.

ఇదే లెక్క ఇద్దరికి వేసి చూడండి. గైడ్, వంటమనిషి 14,000 అలాగే ఉంటుంది. ఒక ఖచ్చర్ 4,800, మిగతావన్నీ 5,500 అనుకుందాం. సగం చేస్తే 12,150. బస్సు, అద్దెలు కలిపితే 14,450. ప్యాకేజీ కంటే వంద రూపాయలు ఎక్కువ, పైగా సాంక్రీలో బేరాలాడే తలనొప్పి! "లోకల్ గైడ్ అయితే చవక" అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు ఈ లెక్క వెయ్యరు. లాభం మొదలయ్యేది ముగ్గురి దగ్గర, బాగా కనపడేది నలుగురు, ఐదుగురైతే. ఏడెనిమిది మందయితే ఒక్క గైడ్ చాలడు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అయితే ఆ నలుగురూ నిజంగా రావాలి. నిజానికి మేం ఆరుగురం అనుకున్నాం. బయలుదేరడానికి మూడు రోజుల ముందు ఒకడికి ఆఫీసులో రిలీజ్ పడింది, సెలవు క్యాన్సిల్. వాడి వాటా ఎవరు మొయ్యాలి? ముందే ఒక మాట అనుకోబట్టి బతికిపోయాం: టికెట్లు బుక్ చేసిన రోజే తలా 3,000 ఉమ్మడి ఖాతాలో వెయ్యాలి, రాకపోతే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాలి. వాడు గొణిగాడు, తిట్టాడు, చివరికి ఊరుకున్నాడు. స్నేహితుల దగ్గర డబ్బు మాటలేంటని మొహమాటపడితే ఆ ఐదు వేల ఆదా ఒక్క ఫోన్ కాల్‌తో ఆవిరైపోతుంది. గ్రూపులో "నేను రెడీ" అని బొటనవేలు చూపించేవాళ్లని నేను తలకాయల్లో లెక్కపెట్టను. డబ్బు వేసినవాళ్లే తలకాయలు.

వాతావరణం విషయంలో కూడా నాకు లోకల్ గైడే నచ్చాడు. మా రెండో ట్రిప్‌లో దారిలో ఉన్న జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర రాత్రంతా మంచు పడింది. పొద్దున చూస్తే టెంట్ జిప్పు గడ్డకట్టి రాలేదు, నూనె గడ్డకట్టి ఆవకాయ సీసాలోంచి చెంచా రాలేదు. గైడ్ ఆకాశం చూసి, ఇవాళ వద్దు, రేపు పోదామన్నాడు. ఒక రోజు ఆగినందుకు గైడ్, వంటమనిషి, రెండు ఖచ్చర్లకి 5,900, మనిషికి 1,180 అదనం. మర్నాడు తెల్లవారుజామున 12,500 అడుగుల శిఖరం మీద నిలబడి ఎదురుగా స్వర్గారోహిణి పర్వతం మీద ఎండ పడటం చూశాం. ప్యాకేజీలో వెళ్లినప్పుడు ఇలాంటి రోజే వచ్చింది. వెనకాల ఇంకో బ్యాచ్ ఎక్కుతోంది, టెంట్లు వాళ్లకి కావాలి, మమ్మల్ని దించేశారు.

ప్యాకేజీకి మార్కులు వెయ్యాల్సిన చోట వేస్తాను. ఎత్తు మీద ఎవరికైనా తలనొప్పి, వాంతులు మొదలైతే వాళ్ల దగ్గర ఆక్సిజన్ సిలిండర్, పల్స్ ఆక్సీమీటర్, కిందికి దించే మనుషులు ఉంటారు. లోకల్ గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడు ఇవన్నీ మనమే అడగాలి. ఉత్తరకాశీలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఉంది, అక్కడ కోర్సు చేశాడేమో కనుక్కోండి. రోజుకి మూడొందలు తక్కువకి వస్తానన్నాడని ఈ ప్రశ్నలు మింగెయ్యకండి. జీవితంలో మంచే చూడనివాళ్లు, ఇంట్లో అమ్మానాన్నలకి టెన్షన్ ఉన్నవాళ్లు మొదటిసారి ప్యాకేజీలోనే వెళ్లండి.

ఒక్కరే వెళ్లేవాళ్లకి యూత్ హాస్టల్స్ అసోసియేషన్ క్యాంపులు ఉన్నాయి. సభ్యత్వం తీసుకోవాలి, వాళ్లు పెట్టిన చోటికి వాళ్లు పెట్టిన తేదీల్లోనే పోవాలి, బ్యాగు మీరే మోసుకోవాలి. రేటు మాత్రం తక్కువే. గైడ్ లేకుండా సొంతంగా పోతామంటారా, దాని గురించి నన్ను అడగొద్దు.

డబ్బు మిగల్చకూడని చోటు ఒకటుంది: బూట్లు. జాకెట్లు, కర్రలు సాంక్రీలో అద్దెకి తీసుకోండి, ఏడాదికోసారి వాడేదానికి కొనక్కర్లేదు. బూట్లు మాత్రం కొనుక్కుని నెల రోజులు ఇక్కడే తొడుక్కుని తిరగండి. మా బావమరిది ఆరేళ్ల క్రితం కొన్న ఖరీదైన బూట్లు అటక మీంచి దించుకుని వచ్చాడు. రెండుసార్లు కూడా తొడగలేదు, కొత్తవాటిలా మెరుస్తున్నాయి. దిగేటప్పుడు కుడి బూటు అడుగు మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంది, గంటలో ఎడమది. ఆ అడుగులో ఉండే పాలీయురెథేన్ గాల్లో తేమకి లోలోపలే పెళుసుబారి విరిగిపోతుందట, వాడకపోయినా సరే. ఖచ్చర్ల అబ్బాయి ఇచ్చిన తాడుతో కట్టుకుని, పెళ్లికూతురిలా చిన్న చిన్న అడుగులేస్తూ సాంక్రీ చేరాడు.

పోయిన వారం కొత్తగా పెళ్లయిన కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఎంతమంది అన్నాను. మేమిద్దరమే అన్నాడు. ప్యాకేజీ తీసుకో నాయనా అన్నాను. సరేనని, పెట్టేసేముందు అడిగాడు: "బూట్లు కొనక్కర్లేదు కదన్నా? మా అన్నయ్యవి అటక మీద ఉన్నాయి, కొత్తవే."