ఊరి బస్సు ఆగితే ఎవరిని అడగాలి: సర్కారునా, ఆర్టీసీనా, మున్సిపాలిటీనా?

మా ఊరికి సాయంత్రం ఆరున్నరకు పల్లెవెలుగు వచ్చేది. రాత్రికి హనుమాన్ గుడి ముందే ఆగేది. డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసు వరండాలో చాపలు పరుచుకుని పడుకునేవాళ్లు. తెల్లారి అయిదింటికి అదే బస్సు కూరగాయల గంపలను, పాల క్యాన్లను, ఇంటర్ చదివే పిల్లలను ఎక్కించుకుని పట్నం బయల్దేరేది. మూడుసార్లు హారన్ కొట్టి, సందు చివర ఎవరైనా పరుగెత్తుకొస్తూ కనిపిస్తే అర నిమిషం ఆగేది. ఆ నైట్ హాల్ట్ బస్సు బందై రెండేళ్లు దాటింది.

దాని కోసం చాలానే తిరిగాను. డిపోలో మేనేజర్ మర్యాదగా కూర్చోబెట్టి, "ఓఆర్ రావట్లేదు సార్. కిలోమీటరుకు వచ్చే పైసలు డీజిల్‌కే చాలట్లేదు. పైనుంచి చెప్పిస్తే వేస్తాం" అన్నారు. ఓఆర్ అంటే ఆక్యుపెన్సీ రేషియో, సీట్లు ఏ మేరకు నిండుతున్నాయన్న లెక్క. పైనుంచి అంటే ఎవరో కనుక్కుందామని ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు పోయాను. "ఆర్టీసీ అంటే కార్పొరేషన్ కదన్నా, ట్రిప్పులు వాళ్లే చూసుకుంటరు. లెటర్ అయితే ఇప్పిస్త" అన్నాడు అక్కడి పీఏ. పంచాయతీ కార్యదర్శిని అడిగితే, "బస్సు మన చేతుల లేదు సార్. షెల్టర్ కావాలంటే తీర్మానం పెడదాం" అన్నాడు. ముగ్గురిలో ఏ ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

కార్యదర్శి మాట తమాషాగా అన్నది కాదు. మున్సిపాలిటీల పనులను చెప్పే రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో వీధి దీపాలు, పార్కింగ్ స్థలాల పక్కన బస్‌స్టాపులు కూడా ఉన్నాయి. బస్సులు లేవు. జనం నిలబడే చోటు స్థానిక సంస్థది, ఎక్కాల్సిన బండి రాష్ట్రానిది. బండికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, బండి రాకపోతే ఎవరు జవాబు చెప్పాలి అన్నదే ఇప్పుడు చూడాల్సింది. మన రెండు రాష్ట్రాల్లో, పక్క రాష్ట్రంలో దీనికి వేర్వేరు ఏర్పాట్లు నడిచాయి. వాటిలో ఏది మేలో ప్రయాణికుడి వైపు నుంచి తూచి చూస్తాను.

మొదటి దారి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన విలీనం. 2019లో చట్టం తెచ్చి, 2020 జనవరి 1 నుంచి ఏపీఎస్ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలోకి తీసుకున్నారు. అందుకోసం ప్రజా రవాణా శాఖ ఏర్పడింది. నిజానికి ఇది పాత దారే. హైదరాబాద్ రాజ్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన ఈ సంస్థ అప్పుడు నిజాం రైల్వే కింద సర్కారు విభాగమే. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడ్డాకే కార్పొరేషన్ అయింది. విలీనంతో ఉద్యోగులకు ఒరిగింది తక్కువేమీ కాదు. జీతం ఏ నెల వస్తుందో, పీఎఫ్ డబ్బు ఎటు పోయిందో అన్న గుబులు లేకుండా స్టీరింగ్ పట్టుకునే డ్రైవరు మనకు కావాలి. 2019లో తెలంగాణలో ఇదే కోరుతూ కార్మికులు అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేశారు. ఆ రోజుల్లో ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ కుటుంబాలను తలుచుకుంటే విలీనాన్ని తేలిగ్గా తీసిపారేసే మాట నా నోట రాదు.

కానీ ప్రయాణికుడి సంగతి? ఏపీలో మనుషులు ప్రభుత్వానివాళ్లయ్యారు, బస్సులూ డిపోలూ స్థలాలూ కార్పొరేషన్ పేరు మీదే ఉన్నాయి. జీతానికి భరోసా వచ్చింది, ట్రిప్పుకు రాలేదు. ఏ ఊరికి రోజుకు ఎన్నిసార్లు బస్సు పంపాలో ఆ చట్టం చెప్పలేదు, అది చెప్పడం దాని పని కూడా కాదు. తెలంగాణలో 2023 ఆగస్టులో సభ ఆమోదించి, సెప్టెంబరులో గవర్నర్ సంతకమైన విలీన చట్టమూ ఉద్యోగుల చట్టమే. దాన్ని అమలు చెయ్యమని యూనియన్లు 2025లోనూ అడుగుతూనే ఉన్నాయి.

రెండో దారి టికెట్ డబ్బు ప్రభుత్వం కట్టడం. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసే పథకాలు తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పేరుతో, ఏపీలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో మొదలయ్యాయి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ టిమ్ము, అంటే టికెట్లు ఇచ్చే యంత్రం నుంచి జీరో టికెట్ తీసి ఇస్తారు. ఆ టికెట్ల విలువ లెక్కగట్టి ఆర్టీసీ ప్రభుత్వాన్ని అడుగుతుంది. దీనివల్ల ఆడవాళ్లకు జరిగిన మేలు నేను కళ్లారా చూస్తున్నాను. మా వాడలో బీడీలు చుట్టే అక్క నెలకోసారి కూడా పుట్టింటి గడప తొక్కేది కాదు, ఇప్పుడు వారం వారం పోయి తల్లికి మందులు ఇచ్చి వస్తోంది. ఈ పథకం ఉండాల్సిందే. నాకున్న అభ్యంతరం డబ్బు కట్టే పద్ధతి మీద.

మనిషికింత చొప్పున కడితే మనుషులు ఎక్కువ ఉన్నచోటే డబ్బు వస్తుంది. జిల్లా కేంద్రం నుంచి హైదరాబాద్ వచ్చే ఎక్స్‌ప్రెస్‌లో కాలు పెట్టే సందుండదు, అక్కడ జీరో టికెట్లు బోలెడు. మా ఊరి బస్సులో రాత్రిపూట ఎక్కేది పది పన్నెండు మంది. వాళ్లంతా ఆడవాళ్లే అయినా, టికెట్ విలువంతా సర్కారు ఇచ్చినా, ఆ ట్రిప్పుకు డీజిల్ ఖర్చే తేలదు. రద్దీ రూటుకు ఇంకో బస్సు కావాలంటే డిపో మేనేజర్ దాన్ని ఎక్కడి నుంచి తీస్తారు? మా ఊరి నుంచే. ఇది ఆయన తప్పు కాదు, ఆయనకు ఇచ్చిన లెక్క అలాంటిది. మొన్న అడ్డరోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డ ఒక పెద్దమ్మ నాతో అంది: "టికెట్ మాఫే బిడ్డా, మాఫ్ కాదంటలేను. బస్సు రావాలె గద మరి." ఆమె ఆ పూట ఆటోకు నలభై రూపాయలు ఇచ్చుకుంది.

పైగా ఈ డబ్బు ఎప్పుడు వస్తుందో ఆర్టీసీ చేతిలో లేదు. విద్యార్థుల పాసుల కాలం నుంచీ ఇంతే. రాయితీ ఇస్తామని ప్రకటించేది ప్రభుత్వం, పొద్దున్నే ఇవ్వాల్సింది కండక్టరు, బిల్లు పాసయ్యేది ఆర్థిక శాఖలో. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ఒకచోట చాలినన్ని బస్సులు సమర్థంగా, చవకగా నడపడం కార్పొరేషన్ విధి అంటుంది. ఇంకోచోట వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. ఈ రెంటి మధ్య తేడా వచ్చినప్పుడు ఆ లోటు ఎవరు పూడ్చాలో తేల్చకపోవడం వల్లే డెబ్బై ఏళ్లుగా ఈ కొట్లాట.

లోటు స్థానిక సంస్థ పూడ్చాలన్నది మూడో దారి. హైదరాబాద్‌లో దీన్ని చేసి చూశారు. సిటీ బస్సుల నష్టం జీహెచ్ఎంసీ భరించాలని రాష్ట్రం అనుకుంది. జీహెచ్ఎంసీ కొంతకాలం ఇచ్చింది, తర్వాత ఆపేసింది. 2019 సమ్మె కేసు హైకోర్టుకు పోయినప్పుడు ఈ లెక్కంతా బయటపడింది. ఆర్టీసీ తనకు రావాలన్నది 1,492 కోట్లు, జీహెచ్ఎంసీ ఇచ్చింది సుమారు 336 కోట్లు. మిగతాది కట్టాల్సిన చట్టబద్ధమైన బాధ్యత తమకు లేదని, అంత స్తోమతా లేదని జీహెచ్ఎంసీ చెప్పింది.

అప్పట్లో చాలామంది జీహెచ్ఎంసీని తిట్టారు. నేనూ తిట్టాను. తర్వాత ఆలోచిస్తే దాని వాదనలో నాకు న్యాయం కనిపించింది. మనం బండి కొంటే మోటారు వాహనాల పన్ను రాష్ట్రానికి పోతుంది. డీజిల్ కొట్టిస్తే వ్యాట్ రాష్ట్రానికే, ఆర్టీసీ బస్సు తాగే డీజిల్ మీద కూడా. నగరపాలక సంస్థకు వచ్చేది ఇంటి పన్ను, ఇళ్ల అనుమతుల ఫీజులు, ప్రకటనల డబ్బు. రూటు వేసేటప్పుడు కార్పొరేటర్‌ను అడగరు, చార్జీ పెంచేటప్పుడు మేయర్‌ను అడగరు, ఏడాది చివర నష్టం మాత్రం పంచుకోమంటారు. వంట చెయ్యనివ్వరు, తిననివ్వరు, అంట్లు మాత్రం తోమమంటే ఎవరు తోముతారు?

నగరానికి పెత్తనం ఇచ్చినచోట ఎలా ఉంది? పుణెలో రెండు నగరాల రవాణా సంస్థలను 2007లో కలిపి పీఎంపీఎంఎల్ చేశారు. నష్టాన్ని పుణె 60, పింప్రి చించ్‌వాడ్ 40 పాళ్లలో భరించాలని రాసుకున్నారు. అదే నాకు నచ్చింది, గొడవ పడటానికైనా ఒక లెక్క ఉంది. ముంబైలో సిటీ బస్సులు నడిపే బెస్ట్ 1947 నుంచీ నగరపాలక సంస్థదే. అయితే 2025-26 బడ్జెట్ 74 వేల కోట్లు దాటిన ఆ సంస్థ చేతిలో ఉండి కూడా బెస్ట్ సొంత బస్సులు తరిగిపోయి, అద్దె బస్సుల మీద బతుకుతోంది. స్థానిక సంస్థ దగ్గర డబ్బున్నంత మాత్రాన బస్సు బతకదు, ఇవ్వాల్సింది ఎంతో ముందే కట్టుబడి ఉండాలి.

ఇంగ్లండ్ పల్లెలూ ఇదే అనుభవించాయి. 1986 నుంచి లండన్ బయట బస్సులు ప్రైవేటు కంపెనీల చేతికి పోయాయి. కంపెనీకి గిట్టుబాటు కాని సాయంత్రం బస్సులు, పల్లె బస్సులు అక్కడి కౌన్సిళ్లు డబ్బిచ్చి నడిపించుకోవాలి. 2010 తర్వాత కేంద్రం నుంచి కౌన్సిళ్లకు వచ్చే గ్రాంట్లు కోతపడ్డాయి, ఆ బస్సుల్లో చాలావాటికి కోత పడింది. గ్రేటర్ మాంచెస్టర్ మాత్రం 2023 సెప్టెంబరు నుంచి 2025 జనవరి లోపు బస్సులన్నిటినీ మళ్లీ తన అదుపులోకి తెచ్చుకుంది. రూటు, టైము, చార్జీ నగరం నిర్ణయిస్తుంది, కంపెనీలు కాంట్రాక్టు మీద నడుపుతాయి. బస్సు రాకపోతే జనం అడగాల్సింది మేయర్‌ను.

నాలుగో దారి మన ఆర్టీసీకి కొత్తేమీ కాదు. అద్దె బస్సు యజమానితో అది చేసుకునే ఒప్పందం చూడండి. బస్సు, డ్రైవరు యజమానివి, కండక్టరు ఆర్టీసీ మనిషి. కిలోమీటరుకు ఇంత అని రేటు రాసుకుంటారు. బస్సు నిండిందా, ఖాళీగా పోయిందా అన్నది యజమానికి అనవసరం. తిరిగిన కిలోమీటర్లకు డబ్బు వస్తుంది, తిరగని వాటికి రాదు. యజమానితో ఇంత కచ్చితంగా రాసుకునే ఆర్టీసీతో, ప్రభుత్వం ఇలాంటి కాగితమే ఎందుకు రాసుకోకూడదు? "ఫలానా ఊరికి రోజుకు రెండు ట్రిప్పులు, సాయంత్రం ఆరున్నర, పొద్దున అయిదు. కిలోమీటరుకు ఖర్చు ఇంత, టికెట్ల మీద వచ్చేది పోను మిగతాది ప్రతి నెలా ఫలానా తేదీలోపు మేమిస్తాం" అని.

ఈ కాగితం ఉంటే మా డిపో మేనేజర్ నాతో ఓఆర్ గురించి మాట్లాడే అవసరం ఉండదు. బస్సు నడపకపోతే తప్పు ఆయనది, నడిపినా డబ్బు రాకపోతే తప్పు ప్రభుత్వానిది. నేను ఒకే తలుపు కొడతాను. దీనికీ చిక్కులున్నాయి. కిలోమీటర్ల కోసం వేళ కాని వేళ ఖాళీ బస్సు తిప్పేవాళ్లు పుట్టుకొస్తారు, అందుకే ఊరిని, టైమును కూడా రాయాలి. డబ్బు ఆలస్యం చేస్తే వడ్డీ ఎవరిస్తారో రాయాలి. ఏటా అసెంబ్లీలో ఈ లెక్క విడిగా పెట్టాలి. ఇవి లేకపోతే అదీ ఇంకో బకాయిల పద్దే అవుతుంది.

నా తీర్పు ఇది. పల్లెలకు కిలోమీటరు ఒప్పందమే మేలు, దాన్ని ప్రభుత్వం, ఆర్టీసీ చేసుకోవాలి, ఏ ట్రిప్పు కావాలో గ్రామసభ తీర్మానం నుంచి రావాలి. మన పంచాయతీల మీద దాని ఖర్చు వెయ్యకూడదు. వీధి దీపాల కరెంటు బిల్లు కట్టుకోవడానికే అవి కిందామీదా పడుతున్నాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో మాత్రం పెత్తనం నగరానికే ఇవ్వాలి, రూట్లు వేసే అధికారంతో పాటు, మోటారు వాహనాల పన్నులో, డీజిల్ వ్యాట్‌లో చట్టంలో రాసిన వాటాతో పాటు. వాటా ఇవ్వకుండా నష్టం అప్పగించడం హైదరాబాద్‌లో చూసేశాం. విలీనం ఉద్యోగుల హక్కు, అది జరగాలి. దాన్ని ప్రయాణికుల హక్కని మాత్రం ఎవరూ అనవద్దు. ఉచిత టికెట్ కొనసాగాలి, కానీ పల్లె రూట్లలో దాని డబ్బు తలకింత చొప్పున కాక ట్రిప్పుకింత చొప్పున చేరాలి.

ఇలాంటి ఒప్పందం ఇవాళ లేదు కాబట్టి ఉన్నదాంతో మొదలుపెట్టాను. రోజూ నడపాల్సిన కిలోమీటర్లు, నడిపినవి, రద్దయినవి ప్రతి డిపోలో రాసే ఉంటాయి. మా రూటుకు మూడేళ్ల లెక్క కావాలని పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ట్రిప్పు ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుతో ఆగిందని కూడా అడిగాను. జవాబు రాగానే జిరాక్సులు తీసి గ్రామసభలో పంచుతాను, ఒకటి ఆ పీఏ చేతికీ ఇస్తాను. ఇంటర్ పిల్లలు ఇప్పటికీ పొద్దున అయిదింటికే గుడి దగ్గరికి వస్తున్నారు. అక్కడి నుంచి అడ్డరోడ్డు దాకా మూడు కిలోమీటర్లు ఫోన్ లైట్ల వెలుగులో నడిచిపోతున్నారు.