స్పీడ్ బ్రేకరా, ఒకవైపు పార్కింగా?

మా కాలనీ వీధి 20 అడుగులది. రెండువైపులా కార్లు పెడితే వాటర్ ట్యాంకర్ దూరదు, ఖాళీగా ఉంటే బైకులు దూసుకుపోతాయి. మీటింగులో రెండు మాటలొచ్చాయి: స్పీడ్ బ్రేకర్లు వేయించడం, లేదా పార్కింగు ఒకవైపే ఉంచడం.

బ్రేకరు ఒక్కరోజు పని. కానీ ఎలా పోస్తారన్నదే అసలు సంగతి. రోడ్ల ప్రమాణాలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అప్పుడు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటొచ్చు. మన వీధుల్లోనేమో మిగిలిన కాంక్రీటుతో జానెడు ఎత్తున గట్టు పోసేసి వెళ్తారు, రంగు కూడా వేయరు. మొన్న రాత్రి అలాంటి దాని మీద స్కూటీ ఎగిరిపడింది. వెనక కూర్చున్న గర్భిణి నడుం పట్టుకుని అరుగు మీద చాలాసేపు కూలబడిపోయింది. అది చూశాక నాకు గట్టులంటేనే భయం.

ఒకవైపు పార్కింగుకు సున్నపు గీతలు చాలు. కొంతదూరం ఎడమవైపు, ఆపైన కుడివైపు పెడితే దారి మెలిక తిరిగి బండి దానంతటదే నెమ్మదిస్తుంది. చిక్కల్లా గేటు ముందు రోడ్డు కూడా తమదేనని పూలకుండీలు పెట్టేవాళ్లతోనే.

అయినా నా ఓటు దీనికే. బడి మలుపులో మాత్రం కొలత తప్పని బ్రేకరొకటి, దానిమీద తెల్లచారలు కావాలి.