చంద్రుడి కోసం నికాన్ 200-500 ఎఫ్/5.6: ఏళ్ల వాడకం తర్వాత

చంద్రుడి ఫోటోల వరకే చూస్తే ఈ లెన్స్‌లో 200 నుంచి 499 మి.మీ. దాకా ఉన్నదంతా మనకు అనవసరం. వాడేది ఒక్క 500 దగ్గరే. అక్కడ ఎఫ్/5.6 అపర్చర్‌కే (వెలుగు దూరే కంత, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) పదునుగా ఉంటుంది, ఎఫ్/8కి ఇంకాస్త తేరుకుంటుంది. ఎఫ్/11 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న కంతలో వెలుగు చెదరడం) వల్ల సన్న వివరాలు మెత్తబడతాయి.

సెన్సర్ మీద చంద్రుడు ఎంత సైజులో పడతాడో తెలియాలంటే ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీది మి.మీ. అంకెను) 110తో భాగించండి. 500కు నాలుగున్నర మి.మీ. వస్తుంది. డీ7500 లాంటి 20.9 మెగాపిక్సెల్ క్రాప్ బాడీ (సెన్సర్ చిన్నదైన కెమెరా) మీద అది సుమారు 1,070 పిక్సెళ్లు, 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ మీద 760కి మించదు. ఈ పనికి క్రాప్ బాడీయే మేలు. పిక్సెల్‌కు మూడు కి.మీ. పైచిలుకు లెక్కన 93 కి.మీ. కోపర్నికస్ బిలం ముప్పై పిక్సెళ్లలోపే సర్దుకుంటుంది. గాలి నిలకడగా ఉన్న రాత్రి దాని నడిమి గుట్టలు రెండు మూడు తెల్ల చుక్కల్లా తేలతాయి. ఈ లెన్స్ ఇవ్వగలిగేది అంతే, అది తక్కువేమీ కాదు.

బొమ్మ చెడేది చాలావరకు అద్దాల వల్ల కాదు, స్టాండ్ వల్ల. ట్రైపాడ్‌కు బిగించే కాలర్‌తో కలిపి లెన్స్ 2.3 కిలోలు, బాడీ కలిస్తే మూడు కిలోలు. 500కు లాగితే గొట్టం ముందుకు సాగి బరువంతా మూతి వైపు పోతుంది. ట్రైపాడ్ మీద చిన్న బాల్‌హెడ్ (గుండు మీద తిరిగే తల) అయితే బిగించి చెయ్యి తీయగానే ఫ్రేమ్ కాస్త కిందికి దిగుతుంది. కాలర్ కాలికి 100 మి.మీ. పొడవు ప్లేటు వేసి, 500కు లాగిన తర్వాతే ముందుకూ వెనక్కూ జరిపి బ్యాలెన్స్ చూడాలి. ట్రైపాడ్ నడిమి గొట్టం పైకి లేపొద్దు. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో శుక్ల అష్టమి చంద్రుడు హైదరాబాద్‌లో దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు వ్యూఫైండర్‌లో చూడాలంటే మెడ పోతుంది, మడత స్క్రీన్ ఉన్న బాడీ విలువ ఆ రాత్రి తెలుస్తుంది. స్టాండ్ మీద వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఆఫ్, మిర్రర్-అప్ (కెమెరాలోని అద్దాన్ని ముందే లేపి ఉంచడం) ఆన్, చేతిలో రిమోట్ కేబుల్. అద్దం లేచాక మూడు సెకన్లు ఆగి నొక్కండి. గాలి వీస్తుంటే హుడ్ తీసేయాలి, తెరచాపలా ఊపేస్తుంది. 95 మి.మీ. యూవీ ఫిల్టర్‌ను ఈ పనికి వాడకండి. చంద్రుడి పక్కన మసక చంద్రుడొకడు పుట్టేది దాని ప్రతిబింబం వల్లే.

ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లోనే. ఫ్రేమంతా చూసి వెలుగు కొలిచే మ్యాట్రిక్స్ మీటరింగ్ నల్లటి ఆకాశాన్ని చూసి చంద్రుణ్ణి తెల్ల బిళ్ల చేసేస్తుంది. పౌర్ణమికి ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 1/200తో మొదలుపెట్టండి. అష్టమికి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పెంచాలి, అంటే అదే అపర్చర్‌కు ఐఎస్‌ఓ 200, 1/100. చవితి, పంచమి నెలవంకకు ఇంకో స్టాపు. హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) కుడి గోడకు తగలకుండా, దానికి దగ్గరగా ఉంటే చాలు. షటర్ మరీ నెమ్మదించినా ముప్పే. భూమి తిరుగుడుకు 500 మి.మీ. దగ్గర చంద్రుడు సెకనుకు ఎనిమిది పిక్సెళ్ల పైన జరుగుతాడు. 1/8 సెకనుకే ఒక పిక్సెల్ అలుకుతుంది.

ఫోకస్ రింగును అనంతం దగ్గర ఆపేసి వదిలేస్తే కుదరదు, అది ఇంకా ముందుకు తిరుగుతుంది. సింగిల్ పాయింట్‌తో చంద్రుడి అంచు మీద ఆటోఫోకస్ కొట్టి, లెన్స్ మీది మీటను ఎమ్‌కి (మాన్యువల్‌కి) మార్చి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద) 100 శాతం జూమ్ చేసి వెలుగు-నీడల గీత పక్కనున్న ఒక చిన్న బిలం మీద సరిచేయండి. రాత్రి చల్లబడే కొద్దీ ఫోకస్ జారుతుంది, అరగంటకోసారి మళ్లీ చూడాలి.

ఇక గాలి. ఎండకు కాగిన డాబా శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. లైవ్ వ్యూలో చంద్రుడి అంచు నీళ్లలో ఉన్నట్టు వణికితే లెన్స్‌ను తిట్టి లాభం లేదు. మట్టి నేల మీదికి, గడ్డి మీదికి మారండి, చంద్రుడు కనీసం ముప్పై డిగ్రీలు ఎక్కేదాకా ఆగండి. కోస్తాలో అయితే ముందు గాజు మీద తేమ పడుతుంది. పవర్‌బ్యాంకుతో నడిచే హీటర్ పట్టీని హుడ్ మొదట్లో చుడితే సరిపోతుంది. అలాంటి గాలిలో ఒక్క షాటును నమ్మొద్దు. యాభై రా ఫైళ్ల బరస్ట్ తీసి, టిఫ్‌లుగా మార్చి, ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మంచివి 30 శాతం ఏరి కలిపి, రిజిస్టాక్స్ అనే ఇంకో దాంట్లో వేవ్‌లెట్ షార్పెనింగ్ (సన్న వివరాలకు పదును) కొంచెమే ఇస్తే ఒంటి షాటుకు అందని వివరం బయటికొస్తుంది. ఎక్కువిస్తే బిలాల చుట్టూ తెల్ల గీతలు పడతాయి. వంద రెట్ల జూమ్ ఫోన్ల చంద్రుడిలో ఎంత కెమెరా పట్టిందో, ఎంత సాఫ్ట్‌వేర్ గీసిందో చెప్పడం కష్టం. ఇక్కడ ఆ అనుమానం ఉండదు.

లెన్స్‌కూ బాడీకీ మధ్య పెట్టి 1.4 రెట్లు పెంచే టెలికన్వర్టర్ కొనాలా? 700 మి.మీ. ఎఫ్/8 అవుతుంది, చంద్రుడు 1,500 పిక్సెళ్లకు పెరుగుతాడు. కానీ పదును అంతగా పెరగదు, గాలి వణుకు మాత్రం పెరుగుతుంది. నా ఓటు ఆ డబ్బును గట్టి ట్రైపాడ్ హెడ్‌కే.

సంపూర్ణ గ్రహణం వేరే కథ. 2025 సెప్టెంబర్ 7 రాత్రి 11 నుంచి 12.22 దాకా సాగిన గ్రహణం లాంటి వాటిలో ఎర్ర చంద్రుడు పౌర్ణమి వెలుగు కంటే వేల రెట్లు మసకగా ఉంటాడు. ట్రాకర్ (భూమి తిరుగుడుకు తగ్గట్టు కెమెరాను తిప్పే పరికరం) లేకపోతే ఐఎస్‌ఓ 6400, ఎఫ్/5.6, 1/4 సెకనుతో రాజీపడాలి. ఐదు కిలోల మోతకు తగ్గ ట్రాకర్ ఉంటే ఐఎస్‌ఓ 800కి దిగి రెండు సెకన్లు ఇవ్వొచ్చు.

జడ్ మౌంట్ (నికాన్ అద్దం లేని కెమెరాల బిగింపు) బాడీ ఉన్నవాళ్లు జూమ్ చేసినా పొడవు మారని 180-600 వైపు చూడటం మంచిది. ఎఫ్ మౌంట్ (ఈ లెన్స్ పట్టే, అద్దం ఉన్న నికాన్ కెమెరాల బిగింపు) వాళ్లకు సెకండ్‌హ్యాండ్‌లో ఇదే సరైన బేరం. దీని అపర్చర్ విద్యుదయస్కాంతంతో నడిచేది, డీ90, డీ200 లాంటి పాత బాడీల మీద మూసుకోదు. కొనేముందు మీ బాడీ మీదే పెట్టి ఎఫ్/8లో ఒక ఫోటో, ఎఫ్/16లో ఒక ఫోటో తీసి చూసుకోండి.