బోను తలుపు చప్పుడు: డల్లాస్ పాత కుస్తీ టేపులతో పన్నెండేళ్ళు

ఇర్వింగ్‌లో 183, 114 హైవేలూ లూప్ 12 కలిసేచోట ఒకప్పుడు టెక్సాస్ స్టేడియం ఉండేది. 2010 ఏప్రిల్ 11న పేల్చి కూల్చేశారు. నేను ఈ ఊరు వచ్చింది 2011లో. దాన్ని కళ్ళారా చూసే యోగం లేకపోయింది. అయినా ఆఫీసుకు వెళ్తూ ఆ మలుపు దాటినప్పుడల్లా నాకు 1984 మే 6న అక్కడ జరిగిన కుస్తీ గుర్తొస్తుంది. ఆ రోజుకి నేను తెనాలిలో మూడేళ్ళ పిల్లాణ్ణి.

ఈ పిచ్చి అంటించింది మా ఆఫీసులో అప్పట్లో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒక పెద్దాయన. చిన్నప్పుడు మేం కేబుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీలు చూసేవాళ్ళమని ఓసారి మాటల్లో చెప్తే, మర్నాడు ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నిండా వీడియో క్యాసెట్లు. లేబుళ్ళ మీద పెన్సిలుతో తేదీలు. "నువ్వు చూసింది పెద్ద సర్కస్. ఇది మా ఊరిది" అన్నాడు. వాటి కోసం పాత సామాన్ల అమ్మకంలో ఒక వీసీఆర్ కొనుక్కున్నాను. తర్వాత స్ట్రీమింగ్‌లోకీ వచ్చాయి. పన్నెండేళ్ళు దాటింది. చూసినవే మూడేసి నాలుగేసి సార్లు చూశాను. కాబట్టి ఒక్కసారి చూసి చెప్పే ముచ్చట కాదిది.

ముందు ఇవేమిటో చెప్పాలి. 1980ల మొదటి వరకూ అమెరికాలో ప్రొఫెషనల్ కుస్తీ అంటే దేశమంతటికీ ఒకే కంపెనీ కాదు. ఏ ప్రాంతం ఆ ప్రాంతం ప్రమోటరుది. మెంఫిస్ ఒకరిది, పోర్ట్‌లాండ్ ఒకరిది, కరోలినాలు ఒకరివి. ఎవరి టీవీ చానెల్ వాళ్ళకు, ఎవరి వస్తాదులు వాళ్ళకు. డల్లాస్ చుట్టుపక్కల రాజ్యం ఫ్రిట్జ్ వాన్ ఎరిక్‌ది. అసలు పేరు జాక్ ఆడ్కిసన్. 1950లలో జర్మన్ విలన్ వేషం కట్టి జనం చేత తిట్లు తిన్న మనిషి, సొంత గడ్డ మీదికి వచ్చి హీరో అయ్యాడు. ప్రత్యర్థి నుదుటిని అరచేత్తో బిగించి పట్టే 'ఐరన్ క్లా', అంటే ఇనుప పంజా, ఆయన పట్టు. ఆ పట్టునే కొడుకులకూ ఇచ్చాడు. కెవిన్, డేవిడ్, కెర్రీ, మైక్, క్రిస్. మనకు సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు నడక రాకముందే రంగస్థలం ఎక్కినట్టు, వీళ్ళకు బరి తప్ప మరో దారి ఉన్నట్టు కనిపించదు.

శుక్రవారం రాత్రి ఆటలు డల్లాస్ స్పోర్టటోరియంలో. కాడిజ్ వీధి మూలనున్న రేకుల కొట్టం లాంటి కట్టడం. 2003లో పడగొట్టేశారు. పేరు ఘనంగా ఉంటుంది గానీ లోపల మన జిన్నింగ్ మిల్లు గోదాములా ఉంటుంది. ఈ టేపుల అసలు బలం ఆ కట్టడమేనని నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. రేకుల కింద ఆ కేక మారుమోగుతుంది. బల్లల మీద నిలబడి అరిచే ఆడపిల్లలు, తొడ మీద మనవణ్ణి కూర్చోబెట్టుకున్న తాతలు, టోపీలు పెట్టుకున్న కూలీలు, అందరి గొంతూ ఒక్కటై ఒక మోత అవుతుంది. నిర్మాత మిక్కీ గ్రాంట్ బరికి దగ్గరగా కెమెరాలు దింపాడు, మైకులు దింపాడు. అప్పటి మిగతా ప్రాంతాల టేపులు చూస్తే దూరం నుంచి పెళ్ళి వీడియో తీసినట్టుంటాయి. ఇక్కడ మనిషి చాప మీద పడితే ఆ దెబ్బ మన సోఫా కిందనుంచి వినిపిస్తుంది.

ఇక వ్యాఖ్యాత బిల్ మెర్సర్. ఆయన గురించి తెలిశాక నేను ఆయన మాటను వేరేగా వింటున్నాను. 1963లో కెన్నెడీ హత్య జరిగినప్పుడు ఆయన డల్లాస్‌లో విలేకరి. పోలీస్ స్టేషన్లో నిందితుడు ఓస్వాల్డ్‌తో "నీ మీద ఆ నేరం మోపారు" అని చెప్పిన గొంతు ఆయనదే. అలాంటి రోజు చూసినవాడు కుస్తీ దగ్గర కూర్చుని అరవాల్సిన పని లేదు. అరవడు కూడా. పట్టు పేరు చెప్తాడు, ఎవరు అలిసిపోయారో చెప్తాడు, మిగతాది జనానికి వదిలేస్తాడు. ఇప్పటి ప్రసారాల్లో ముగ్గురేసి కూర్చుని గుక్కతిప్పుకోకుండా మాట్లాడేది వింటుంటే మెర్సర్ విలువ తెలుస్తుంది.

ఈ టేపులన్నిటిలో ఒకటే చూడమంటే ఏది అని అడిగేవాళ్ళకి నా జవాబు 1982 డిసెంబరు 25. రీయూనియన్ అరీనా. ఇనుప బోనులో రిక్ ఫ్లేర్‌కీ కెర్రీ వాన్ ఎరిక్‌కీ పోటీ. ఈ ప్రాంతాల ప్రమోటర్లంతా కలిసి పెట్టుకున్న సమాఖ్య ఎన్‌డబ్ల్యూఏకి ఫ్లేర్ ప్రపంచ చాంపియన్. ఆ బెల్టు ఏ ఊరి సొత్తూ కాదు, చాంపియన్ ఊరూరూ తిరిగి ఆ ఊరి హీరోతో కొట్లాడి వెళ్తాడు. అందుకే ఊరి కుర్రాడు గెలుస్తాడేమోనన్న ఆశ ప్రతి ఊళ్ళోనూ నిజమే. ఆ రాత్రి ప్రత్యేక రిఫరీ మైకేల్ హేస్, బోను తలుపు దగ్గర కాపలా టెర్రీ గోర్డీ. బడ్డీ రాబర్ట్స్‌తో కలిపి ఈ ముగ్గురూ ఫ్రీబర్డ్స్ ముఠా. అప్పటికింకా వాన్ ఎరిక్‌లకు స్నేహితులు. హేస్ ఫ్లేర్‌ని కొట్టి పడగొట్టి, "మీద పడు, గెలువు" అని కెర్రీకి చూపిస్తాడు. కెర్రీ ఒప్పుకోడు. అలా గెలవనంటాడు. మాటా మాటా పెరుగుతుంది. వెనకనుంచి ఫ్లేర్ తోస్తే కెర్రీ వెళ్ళి హేస్‌ని గుద్దుకుంటాడు. హేస్ అపార్థం చేసుకుని బయటికి నడుస్తాడు. కెర్రీ తలుపు దగ్గరికి వస్తాడు. గోర్డీ ఆ తలుపును తీసి కెర్రీ తలకేసి కొడతాడు.

నేను ఆ క్షణాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్కలేదు. టేపు నెమ్మదిగా తిప్పితే మొదట గోర్డీ భుజం కదులుతుంది. కెర్రీ చూపు ఇంకా హేస్ వైపే ఉంటుంది. అంటే దెబ్బ ఎటునుంచి వస్తుందో అతని ముఖానికి తెలీదు. తలుపు పడ్డాక జనం వెంటనే అరవరు. ఒక్క లిప్త ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు వినిపిస్తుంది, ఆ తర్వాతే కేక. ఆ లిప్తపాటు నిశ్శబ్దం కోసమే నేను ఆ టేపు దాచుకున్నాను.

ముందే అనుకున్న ఆట కదా, ఇంత మురిసిపోవడం ఎందుకని నా స్నేహితులు అడుగుతారు. పద్యనాటకంలో శ్రీకృష్ణుడు రాయబారం విఫలమవుతుందని తెలియక జనం తెల్లార్లూ కూర్చుంటారా? ఆ పద్యం ఈ నటుడు ఎలా ఎత్తుకుంటాడో చూడడానికి కూర్చుంటారు. ఇదీ అంతే. ఒక్క తలుపు దెబ్బతో మొదలైన ఆ పగ ఏళ్ళకేళ్ళు నడిచింది. 1983 జూలై 4న ఫోర్ట్‌వర్త్‌లో ఆరుగురి పోటీ, ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ రాత్రి హేస్, కెర్రీల బోను పోటీ, మధ్యలో వారం వారం చిన్న చిన్న గొడవలు. పెద్ద పోటీలు మాత్రమే ఏరి చూస్తే సగం రుచి పోతుంది. వారం ఎపిసోడ్లు వరసగా చూడండి. ఒక వారం బడ్డీ రాబర్ట్స్ నోరు పారేసుకున్నది మూడో వారంలో వడ్డీతో తిరిగొస్తుంది.

కెవిన్ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. అతను వట్టికాళ్ళతో కుస్తీ పట్టేవాడు. బూట్ల మధ్య ఆ కాళ్ళు చూస్తే మన పల్లెల్లో మట్టి గోదాలో దిగే కుర్రాళ్ళే గుర్తొస్తారు. కెర్రీకి శరీరం ఉంది, డేవిడ్‌కి మాట ఉంది, కెవిన్‌కి తాళ్ళ మీదనుంచి ఎగిరే తెగువ ఉంది. మొదట్లో అందరిలాగే నేనూ కెర్రీ మనిషినే. ఇన్నేళ్ళ తర్వాత నా ఓటు డేవిడ్‌కి. పొడుగ్గా, సన్నగా, ఏమాత్రం తొందర లేకుండా నిలబడి మైకు అందుకుంటే చాలు, ఆ హాలు అతని చేతిలో ఉండేది. ఆ డేవిడ్ 1984 ఫిబ్రవరి 10న టోక్యోలో, పాతికేళ్ళ వయసులో, హోటల్ గదిలో చనిపోయాడు.

టెక్సాస్ స్టేడియంలో మే 6న ఫ్లేర్, కెర్రీల బెల్టు పోటీ అతని జ్ఞాపకార్థం పెట్టింది. 32 వేల మందికి పైగా వచ్చారు. పైకప్పు మధ్యలో తెరిచి ఉండే స్టేడియం కాబట్టి ఎండ నేరుగా పడుతుంటుంది. నిజం చెప్పాలంటే కుస్తీగా చూస్తే ఇది ఫ్లేర్, కెర్రీల మంచి పోటీల్లోకి రాదు. పొట్టిది, ముగింపు కూడా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఫ్లేర్ ఎత్తివేయబోతే కెర్రీ దాన్నే తిప్పి వెన్నుకి వెన్ను పట్టి పడేస్తాడు, ఫ్లేర్ భుజాలు లేపేలోపే రిఫరీ మూడు లెక్క పూర్తవుతుంది. మొదటిసారి చూసినప్పుడు "ఇంతేనా" అనుకున్నాను.

అయిదేళ్ళ క్రితం మా నాన్న ఆరు నెలలు ఉండడానికి వచ్చినప్పుడు ఆ అభిప్రాయం మారింది. పగలంతా తోచక నా టేపులు చూస్తుండేవారు. చిన్నతనంలో దారాసింగ్ పేరు జపించిన మనిషి. ఇంగ్లీషు అంతంత మాత్రం. మే 6ది పెట్టి, "అన్న పోయాడు నాన్నా, తమ్ముడు ఆడుతున్నాడు" అని మాత్రం చెప్పాను. కెర్రీ గెలిచి, ఇంట్లోవాళ్ళు బరిలోకి వచ్చి కావలించుకుంటుంటే నాన్న కళ్ళజోడు తీసి, "ఒరే, ఆ పిల్లాడు గెలిచినవాడిలా లేడురా. దినవారాలకు వచ్చినవాళ్ళకి ఎదురెళ్తున్నట్టున్నాడు" అన్నారు. అప్పటిదాకా నేను పట్లు చూస్తున్నాను, ఆయన ముఖం చూశారు. పద్దెనిమిది రోజులకే, మే 24న జపాన్‌లోని యొకొసుకాలో ఆ బెల్టు మళ్ళీ ఫ్లేర్‌కి వెళ్ళిపోయింది. ఆ సంగతి నాన్నకు చెప్తే, "దానికేం, వాళ్ళన్న పేరు మీద ఒకసారి ఇంటికి తెచ్చాడుగా" అన్నారు.

నచ్చనివీ చెప్పాలి. స్ట్రీమింగ్ కాపీల్లో హక్కుల గొడవ వల్ల వస్తాదులు నడిచొచ్చే అసలు పాటలు తీసేసి ఏదో దిక్కుమాలిన సంగీతం అతికించారు. కెర్రీ వచ్చేటప్పుడు జనం ఆ పాటకి ఊగుతుంటారు, మనకి వినపడేది ఇంకోటి. అది పెద్ద లోటు. పాత క్యాసెట్ దొరికితే బొమ్మ వణికినా సరే అదే చూడండి. రెండోది, విలన్ల వేషాలు. స్కాండర్ అక్బర్ అని అరబ్బు కోటీశ్వరుడు ఒకడు ఉంటాడు. ఆయన టెక్సాస్‌లోని వెర్నన్‌లో పుట్టిన మనిషి. ఉగాండా అడవి మనిషిగా చూపించిన కమాలా మిసిసిపీ వాసి జేమ్స్ హారిస్. పరదేశి అంటే దుర్మార్గుడు, నల్లవాడు అంటే అడవివాడు అన్న ఆ చూపు చూస్తుంటే, ఈ ఊళ్ళోనే గోధుమరంగు చర్మంతో బతుకుతున్న నాకు ఒళ్ళు చల్లబడుతుంది. మా అబ్బాయితో కలిసి చూసేటప్పుడు అక్కడ ఆపి మరీ చెప్తాను, ఇది తప్పురా అని.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది 1985 తర్వాతి భాగం. కుటుంబంతో సంబంధం లేని కుర్రాణ్ణి తెచ్చి లాన్స్ వాన్ ఎరిక్ అని, చిన్నాన్న కొడుకని చెప్పారు. జనానికి అది మింగుడుపడలేదు. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మైక్‌ని, మాట తడబడుతుండగానే మళ్ళీ బరిలోకి దింపారు. చూస్తుంటే ఎవరో ఒకరు ఆపరేంటి అనిపిస్తుంది. 1987లో మైక్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ ఏడాదే క్రిస్మస్ రాత్రి ఫ్రిట్జ్ బరి దగ్గర కుప్పకూలినట్టు నటించాడు. కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి, ఆ దుఃఖం మీదే టికెట్లు అమ్మాలనుకోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. క్రిస్ 1991లో, కెర్రీ 1993లో వెళ్ళిపోయారు, ఇద్దరూ మైక్ దారినే. మోటార్ సైకిల్ ప్రమాదం తర్వాత పాదం తీసేసినా, కృత్రిమ పాదం బూటులో దాచుకుని కెర్రీ ఏళ్ళపాటు ఆడాడని తెలిశాక చివరి టేపుల్లో అతని నడక చూడడం నావల్ల కాలేదు.

అందుకని కొత్తగా చూసేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. 1982 రెండో సగంతో మొదలుపెట్టండి. క్రిస్మస్ బోను దాకా వరసగా రండి. 1983 మొత్తం చూడండి, ఒక్క వారం కూడా వదలొద్దు. మే 6 దగ్గర కాసేపు ఆగండి. 1985 అక్టోబరులో కాటన్ బౌల్‌లో క్రిస్ ఆడమ్స్, జీనో హెర్నాండెజ్ ఓడిపోయి బోడిగుండ్లతో పారిపోయే పోటీ ఒకటుంది. జనం తిరనాళ్ళలో ఉన్నట్టు నవ్వుతారు. అక్కడ ఆపేయండి. పెట్టెలో మిగిలిన క్యాసెట్లు నేను ఒక్కసారి చూశాను, మళ్ళీ తియ్యలేదు.

నాన్నకి కూడా అక్కడిదాకానే చూపించాను. మిగతాది ఏమైందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తెనాలి వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం ఫోన్లో, అమ్మతో మాట్లాడి అయ్యాక, ఫోను తీసుకుని అడిగారు.

"ఆ చెప్పుల్లేని అబ్బాయి ఉన్నాడా?"

"ఉన్నాడు నాన్నా. ఆయన కొడుకులిద్దరూ ఇప్పుడు కుస్తీ పడుతున్నారు."

"మిగతావాళ్ళో?"

నేను చెప్పేలోపే, "సర్లే, పడుకో. నీకు పొద్దుపోయింది" అని ఫోను పెట్టేశారు.