పిల్లలకి సౌండ్, లైట్ తరంగాలు చెప్పాలంటే వీడియోనా, స్ప్రింగా, గోల్కొండా? ఏది మేలు?

మా పాప ఏడో క్లాస్. తరంగం అంటే ఏంటంటే డెఫినిషన్ గడగడా అప్పజెప్పేస్తుంది. ఒకరోజు ఊరికే అడిగా, నేనిక్కడ మాట్లాడితే నా నోట్లోంచి వచ్చిన గాలి నీ చెవి దాకా వస్తుందా అని. "వస్తది కదా నాన్నా, లేకపోతే ఎట్లా వినిపిస్తది" అంది. అప్పట్నుంచి మూడు దారులూ ట్రై చేశాం.

ముందు యూట్యూబ్ వీడియోలు, అందరూ చేసేదే. బొమ్మలు బాగుంటాయి, పిల్లలు కదలకుండా చూస్తారు, కానీ చాలావాటిల్లో శబ్దాన్ని పాములా పైకీ కిందకీ వంకర్లు పోయే గీతలా చూపిస్తారు. అది గాలిలో ఒత్తిడి ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని చెప్పే గ్రాఫ్ మాత్రమే. గాలి అట్లా వంకర్లు తిరగదు, శబ్దం పోయే దారిలోనే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మా పాప బుర్రలో మాత్రం ఆ గాలిపాము గట్టిగా కూర్చుండిపోయింది.

దాన్ని తీసింది స్ప్రింగ్. మెట్లు దిగే స్ప్రింగ్ బొమ్మ ఉంటుంది చూడండి, అది బేగంబజార్‌లో కొన్నా, స్టీల్‌ది తీసుకోండి, ప్లాస్టిక్‌ది తేలికైపోయి సరిగ్గా కనపడదు. హాల్లో టైల్స్ మీద ఆ చివర పాప, ఈ చివర నేను పట్టుకుని రెండు మీటర్లు సాగదీసి, మధ్యలో ఒక చుట్టకి ఎర్ర దారం ముడేశాం. నా చివర ఒక్కసారి ముందుకి తోసి వెనక్కి లాగితే, దగ్గరపడ్డ చుట్టల గుంపు ఒకటి సర్రున పోయి పాప చేతికి తగిలింది. దారం కాస్త ముందుకి జరిగి, వెనక్కొచ్చి, ఉన్నచోటే ఆగింది. "దారం రాలేదు నాన్నా, కానీ నా చేతికి దెబ్బ వచ్చింది!" అని అరిచింది. నాకు కావాల్సిన మాట అదే, గాలి రాదు, తోపు వస్తుంది.

గోల్కొండ ఆ తర్వాతే. కింద ద్వారం గోపురం దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీదున్న బాలా హిస్సార్ కట్టడంలో వినపడుతుంది, దాదాపు కిలోమీటరు అంటారు గైడ్‌లు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి అంత దూరానికి మూడు సెకన్లు. ముందే స్ప్రింగ్ ఆడిన పిల్లకి ఆ మూడు సెకన్లూ మధ్యలో ఏం జరుగుతోందో కళ్లకి కట్టినట్టుంటుంది, ఆడకుండా వెళ్తే అదొక మ్యాజిక్‌లా ఉండిపోతుంది. ఎండలో ఎక్కలేనోళ్లు వానాకాలం బాల్కనీలో నిలబడి మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే చాలు, ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది.

సౌండ్‌కి నా ఓటు స్ప్రింగ్‌కే. లైట్‌కి అలా కాదు. అదే స్ప్రింగ్‌ని పక్కలకి ఊపి లైట్ ఇలాంటి తరంగం అని చూపించొచ్చు, కానీ లైట్‌కి స్ప్రింగ్ లాంటి వస్తువేదీ అక్కర్లేదు, సూర్యుడి నుంచి ఖాళీలో పడి 8 నిమిషాల 20 సెకన్లలో వచ్చేస్తుంది. ఇక్కడ వీడియోనే మేలు, ఎందుకంటే గాజు జాడీలో గంట మోగుతుంటే గాలి తీసేసే ప్రయోగం మన ఇళ్లల్లో అయ్యేది కాదు. గంట కనపడుతూనే ఉంటుంది, శబ్దం సన్నబడిపోతుంది. లైట్‌కీ శబ్దానికీ తేడా దీనికంటే బాగా ఏదీ చెప్పదు.

వీడియో అయ్యాక లైట్ వేగాన్ని చేత్తో కొలవడం కూడా ఉంది, పక్కన పెద్దవాళ్లు ఉండి చేయించండి. మైక్రోవేవ్ తరంగాలు కూడా లైట్ కుటుంబమే కదా, ఓవెన్ లోపల తిరిగే ప్లేట్, దాని కింద తిప్పే ముక్క తీసేసి పెద్ద చాక్లెట్ బార్ పెట్టి, అక్కడక్కడ కరగడం మొదలవగానే ఆపేయాలి. కరిగిన మచ్చల మధ్య మా స్కేల్ మీద 6 సెంటీమీటర్లు వచ్చింది, అది తరంగం పొడవులో సగం, అంటే మొత్తం 12. ఓవెన్ వెనక 2450 మెగాహెర్ట్జ్ అని రాసుంది, అంటే సెకనుకి 245 కోట్ల తరంగాలు. రెండూ గుణిస్తే సెకనుకి 2,94,000 కిలోమీటర్లు. అసలుది 2,99,792 అని చెప్తే మా పాప ఊరుకోలేదు, మచ్చ మధ్య నుంచి కొలవలేదు నువ్వు అని స్కేల్ లాక్కుని మళ్లీ మొదలుపెట్టింది.