తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు: ఏళ్ల తరబడి వాడాక

2015 జనవరిలో ప్రభుత్వం చవకగా ఎల్ఈడీ బల్బులు పంచడానికి పెట్టిన ఉజాలా పథకం మొదలైనప్పటి బల్బుల నుంచి ఇప్పుడు షాపుల్లో దొరికే రకాల దాకా, హాల్లో, వంటింట్లో, బాత్రూంలో, వరండాలో అన్నీ వాడి చూశాక గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. ఎల్ఈడీ బల్బు ఎంతకాలం వెలుగుతుందన్నది దాన్ని ఎక్కడ బిగించామన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఒకే డబ్బాలోంచి తీసిన రెండు బల్బుల్లో వరండాలో గాలికి వేలాడేది ఏళ్లకేళ్లు వెలుగుతుంది, గాజు డోములో మూసి పెట్టినది వారంటీ తీరగానే పోతుంది.

ముందు పొదుపు లెక్క చూద్దాం. పాత 60 వాట్ల బల్బు రోజుకు ఆరు గంటలు వెలిగితే ఏడాదికి 131 యూనిట్లు. అంతకంటే కాస్త ఎక్కువ వెలుగే ఇచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి 20 యూనిట్లు చాలు. చాలామంది గమనించనిది జీరో బల్బు. పేరుకే జీరో, తాగేది దాదాపు 15 వాట్లు. దేవుడి గదిలో రాత్రింబవళ్లు వెలిగే ఎర్ర జీరో బల్బుకు ఏడాదికి అయ్యేది కూడా 131 యూనిట్లే! ఇంట్లో అన్నిటికంటే ముందు దాన్ని తీసి అర వాటు ఎల్ఈడీ పెట్టండి, నాలుగైదు యూనిట్లతో ఏడాది గడిచిపోతుంది.

ఇక ఆయుష్షు. డబ్బా మీద 25,000 గంటలని ఉంటుంది. రోజుకు ఆరు గంటల లెక్కన పదకొండేళ్లు దాటాలి. ఆ అంకె లోపలి చిప్పుల వెలుగు 70 శాతానికి తగ్గడానికి పట్టే కాలం. చిప్పులు అన్నాళ్లు ఉన్నా, 230 ఓల్టుల కరెంటును వాటికి సరిపడేలా మార్చే డ్రైవరు ఉండాలి కదా. డ్రైవరులో కరెంటు ఒడిదుడుకులను సర్దే, చిన్న డబ్బాలాంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటుంది. దానిలోని ద్రవం వేడికి మెల్లగా ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ పనివాళ్లందరూ పాటించే లెక్క. బల్బును తలకిందులుగా హోల్డరుకు తగిలిస్తే డ్రైవరు పై భాగంలో ఉంటుంది, వేడి అక్కడికే చేరుతుంది. ఆ పైన డోము కూడా మూసేస్తే వేడి పోయే దారే లేదు. మూసిన ఫిట్టింగుల్లో 5 లేదా 7 వాట్లకు మించకండి. ఎక్కువ వెలుగు కావాలంటే డోము తీసేయడమో, 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు బిగించడమో మేలు. పొడుగ్గా ఉంటుంది కాబట్టి ట్యూబుకు వేడి ఒకచోట పోగుపడదు. చోక్‌తో కలిపి 50 వాట్ల దాకా లాగిన పాత ట్యూబులైటుకు అది సరైన బదులు.

కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూడండి. ఒకే వాటేజీలో బరువున్న బల్బులో వేడిని లాగే అల్యూమినియం ఎక్కువుంటుంది. డబ్బా మీద వాట్ల కంటే ల్యూమెన్లు, అంటే వెలుగు కొలత, చూడాలి. 9 వాట్లకు 900 ల్యూమెన్లు ఉంటే మంచిది, ల్యూమెన్లే రాయని బల్బు వద్దు. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. సర్జ్ (క్షణకాలం ఎగసిపడే ఓల్టేజీ) రక్షణ 4 కిలోఓల్టులని రాసి ఉంటే పల్లెల్లో అదే కొనండి. అర్ధరాత్రి మోటార్లు ఆగాక అక్కడ ఓల్టేజీ 260 దాటి గంటల తరబడి ఉండొచ్చు, దానికి సర్జ్ రక్షణ పనికిరాదు, డబ్బా మీది ఓల్టేజీ పరిధి కూడా చూసుకోండి. స్తంభం దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగితే మాత్రం 400 ఓల్టుల దాకా రావచ్చు, దాన్ని చాలా బల్బులు తట్టుకోలేవు. ఇంట్లో లైట్లు కొన్ని ఉన్నట్టుండి మెరిసిపోయి, కొన్ని మసకబారితే వెంటనే మెయిన్ దించేయాలి.

షాపులో వెలిగించి చూపిస్తారు గనక ఫోన్ కెమెరా పెట్టి చూడండి. తెర మీద నల్లటి చారలు పాకుతూ ఉంటే ఆ బల్బు సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతున్నట్టే. కంటికి తెలియదు గానీ చదువుకునే పిల్లల్లో కొందరికి తలనొప్పి తేవచ్చు. కెపాసిటర్ లేకుండా చేసే చవక బల్బుల్లో ఇది ఎక్కువ.

రంగు ఎవరిష్టం వాళ్లది. దాన్ని కెల్విన్లలో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే తెలుపు. పడకగదికి 3000 కెల్విన్, వంటింటికి 4000 బాగుంటాయి. 6500 తెలుపు మన ఇళ్లలో అలవాటైపోయింది కానీ వరండాలో పసుపు వెలుగు బల్బు పెడితే తొలకరికి ఉసుళ్ల గోల తగ్గుతుంది.

బల్బు మిణుకుమిణుకుమంటే కొత్తది కొనే ముందు హోల్డరు చూడండి. మెయిన్ దించి, బల్బు తీసి లోపలికి టార్చి వేయండి. రెండు ఇత్తడి పిన్నులు నొక్కితే స్ప్రింగులా వెనక్కి రావాలి. ఒకటి లోపలే ఉండిపోయినా, చివర నల్లగా కాలినా, బల్బు అడుగున ఉన్న సీసపు బొట్టు మీద గుంట పడినా అక్కడ నిప్పురవ్వలు రేగుతున్నట్టు. చవకలో వచ్చే కొత్త హోల్డరు వేయిస్తే సరిపోతుంది. హోల్డరు బాగుండి, బల్బు వేడెక్కాక ఆరి, చల్లారాక మళ్లీ వెలుగుతుంటే లోపల ఒక చిప్పు తెగింది. చిప్పులన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. పై ప్లాస్టిక్ మూత ఊడదీస్తే ఆ చిప్పు మధ్యలో ఆవగింజంత నల్లచుక్క కనిపిస్తుంది. ఆ చిప్పును టంకంతో కలిపేసి వెలిగించే చిట్కా వీడియోల్లో తిరుగుతోంది. వేడి అలాగే ఉంటుంది కాబట్టి పక్క చిప్పు కూడా ఎక్కువ రోజులు ఆగదు. పైగా ఆ ప్లేటు మీద నేరుగా మెయిన్ కరెంటు ఉంటుంది, మూత లేకుండా వెలిగిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

స్విచ్ ఆపినా బల్బు మసగ్గా వెలుగుతుంటే రెండు కారణాలు. స్విచ్చులో ఎర్రటి ఇండికేటరు ఉంటే దానిలోంచి వెళ్లే పిసరంత కరెంటుకే ఎల్ఈడీ వెలుగుతుంది, ఇండికేటరు లేని స్విచ్ వేయిస్తే చాలు. అది లేకపోయినా వెలుగుతోందంటే స్విచ్చును ఫేజుకు బదులు న్యూట్రల్ మీద వేసి ఉండొచ్చు. స్విచ్ ఆపి, బల్బు తీసి, హోల్డరు పిన్నుకు టెస్టర్ పెడితే వెలుగుతుంది. దీన్ని అశ్రద్ధ చేయకండి. స్విచ్ ఆపామన్న ధైర్యంతో బల్బు మార్చేవాళ్లకు షాక్ కొట్టేది ఈ తప్పు వైరింగు వల్లే. ఎలక్ట్రీషియన్‌కు అరగంట పని కూడా ఉండదు.

బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు బల్బు ఒకటి ఇంట్లో ఉంటే మంచిదే గానీ ఇంటికంతా ఇన్వర్టరు ఉన్నవాళ్లకు అనవసరం. బ్యాటరీ ముందు చచ్చి, తర్వాత మామూలు బల్బులా మిగులుతుంది.

వారంటీ చాలావాటికి ఏడాది, కొన్నిటికి రెండేళ్లు. బిల్లు మీద అక్షరాలు ఆర్నెల్లకే చెరిగిపోతాయి కాబట్టి కొన్న రోజే ఫోటో తీసుకోండి. బల్బు తెల్లటి మెడ మీద మార్కర్‌తో తేదీ, గది పేరు రాయండి. ఏ గదిలో తరచూ పోతున్నాయో దాన్నిబట్టి తెలిసిపోతుంది, అక్కడ సరిచేయాల్సింది ఫిట్టింగో, హోల్డరో, వైరింగో చూసుకోవచ్చు.